అడవికి వెళ్ళేవారి మూటలో ఏముండాలి?

ఒంగోలు నుండి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్ల మీద వుంది. "మా తాతగారు దొరల వెంట నల్లమలలో వేటకు వెళ్ళేవారట. ఆయన తోలు బూట్లు, కాళ్ళకు చుట్టుకునే బట్ట పట్టీలు, గుడ్డ తొడుగు వున్న నీళ్ళ సీసా ఇప్పటికీ మా అటక మీద వున్నాయి. పెద్ద జంతువులు తిరిగే అడవికి వెళ్ళేవాళ్ళు ఏమేమి వెంట తీసుకువెళ్ళాలి? ఏ జాగ్రత్తలు పాటించాలి? మేము ఎనిమిదిమంది స్నేహితులం ఈ వేసవిలో వెళ్ళాలనుకుంటున్నాము" అని అడిగారు. ఎందుకు వెళ్తున్నారో మాత్రం రాయలేదు.

ఆ రాయని సంగతి ముందుగా తేల్చుకుందాం. వేటకే అయితే ప్రయాణం మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేట అనేది లేదు. పులి, చిరుత, ఎలుగుబంటి వంటి మొదటి షెడ్యూలు జంతువుల జోలికి పోతే 3 నుండి 7 ఏళ్ళ జైలు. పంట పాడుచేసే అడవిపందినయినా అనుమతి లేనిదే కాల్చకూడదు. ఇంతకన్నా చెప్పవలసింది వకీలు గారు, నేను కాదు.

అయితే మీ ప్రశ్నలో రెండో సగం చాలా మంచిది. తుపాకీ లేకుండా అడవికి వెళ్ళేవాళ్ళు మన దగ్గర లక్షల మంది వున్నారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే భక్తులు, అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కేవారు, శేషాచలంలో తుంబురు తీర్థానికి నడిచేవారు, మారేడుమిల్లి వాగులు చూడబోయే కాలేజీ పిల్లలు, తునికాకు కోసేవాళ్ళు, ఇప్పపూవు ఏరేవాళ్ళు, రాత్రి పగలు తిరిగే అటవీశాఖ బీటు ఉద్యోగులు. వీరిలో చాలామంది సినిమాకు వెళ్ళినట్లు ఉత్త చేతులతో బయలుదేరతారు. పాతకాలపు వేటగాడు మాత్రం ఉత్త చేతులతో వెళ్ళేవాడు కాదు. అతని తుపాకీ పక్కన పెట్టి మిగిలిన సామాను చూస్తే అందులో వైద్యశాస్త్రం చాలా కనబడుతుంది.

మీ తాతగారి కాలి పట్టీలనే తీసుకోండి. చీలమండ నుండి మోకాలి దాకా మందపాటి గుడ్డ చుట్టుకోవడం సోకు కోసం కాదు. ముల్లు గీరుకోదు, జలగ పాకదు, గోమారి పట్టదు. మనకు వచ్చే పాముకాట్లలో ఎక్కువ భాగం మోకాలికి దిగువనే వుంటాయి. పాము కోరకు, మీ చర్మానికి మధ్య ఒక మందపాటి అడ్డు వుంటే కాటు తప్పిపోవచ్చు, పడినా విషం తక్కువ దిగవచ్చు. ఇప్పుడు పట్టీలు దొరకవు గనుక చీలమండ పూర్తిగా మునిగే బూట్లు వేసుకోండి. మందపాటి మేజోళ్ళు తొడిగి, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి. చూడడానికి బాగుండదని మా అబ్బాయే అంటాడు. బాగుండనక్కరలేదు. కొత్త బూట్లతో మాత్రం అడవికి వెళ్ళకండి. కనీసం రెండు వారాలు ఊళ్ళో తొడిగి తిరిగి, అవి కాలికి అలవాటు పడ్డాకే తీసుకువెళ్ళండి. పొక్కులు లేచిన కాలితో ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి నడవడం ఎంత కష్టమో నడిచినవారికే తెలుస్తుంది.

ఇక్కడ మధుమేహం వున్నవారితో ఒక్క మాట. మొక్కుకున్నామని చెప్పులు విడిచి కొండెక్కే పెద్దవాళ్ళను ప్రతి ఏటా చూస్తున్నాను. చక్కెర వ్యాధి పదేళ్ళ నుండి వున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు దిగినా తెలియదు, బండ కాలినా తెలియదు. ఇంటికి వచ్చి వారం గడిచాక వాసన వస్తుంటే మనవరాలు చూసి చెబుతుంది. అప్పటికి వేలు నల్లబడి వుంటుంది. దేవుడు మీ వేలు అడగలేదు. చెప్పులు గుడి మెట్టు దగ్గర విడవండి. అడవి దారిలో విడవకండి. ఇన్సులిన్ వాడేవారు సీసాను తడిగుడ్డలో చుట్టి నీడపట్టున వుంచుకోవాలి, నాలుగు చక్కెర పొట్లాలు జేబులో పెట్టుకోవాలి. చెమటలు పట్టి చేతులు వణికితే ముందు చక్కెర నోట్లో వేసుకోవాలి, కారణం తర్వాత ఆలోచించవచ్చు.

చేతికర్ర రెండో వస్తువు. ఛాతీ ఎత్తున, గట్టిగా, చివర మొద్దుగా వుండాలి. అది జంతువును కొట్టడానికి అనుకుంటే పొరబాటు. ముందున్న గడ్డిని, రాళ్ళను తడుముతూ నడవడానికి, వాగులో లోతు చూడడానికి. కర్ర తాకిడికి, అడుగుల చప్పుడుకు పాము తనంతట తానే తప్పుకుంటుంది. మూడోది టార్చిలైటు. తలకు కట్టుకునే రకం దొరుకుతున్నది, రెండు చేతులూ ఖాళీగా వుంటాయి. సెల్‌ఫోను లైటును నమ్ముకోవద్దు. ఫోను ప్రాణం కాపాడవలసిన సమయానికి దానికి ప్రాణం వుండదు. నాలుగోది ఈల. తప్పిపోయినవాడి గొంతు అరగంటలో పోతుంది, ఈల పోదు.

ఇక పాము సంగతి. మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో చనిపోయినవారు సుమారు 12 లక్షల మంది అని పరిశోధకులు లెక్కగట్టారు. పులులూ ఎలుగులూ కలిసి చంపినవారు దాని పక్కన లెక్కకు రారు. అయినా అడవికి వెళ్ళేవారు పులి గురించి అడుగుతారు, పాము గురించి అడగరు.

మనకు ముఖ్యమైన విషసర్పాలు నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మొదటి రెండింటి విషం నరాల మీద పనిచేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడుపడదు, చివరకు ఊపిరి ఆగుతుంది. తర్వాతి రెండూ రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. చిగుళ్ళ నుండి, మూత్రంలో రక్తం పోతుంది. రక్తపింజరి అయితే మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. వీటిలో కట్లపాము చాలా మోసకారి. రాత్రి నేల మీద పడుకున్నవాడిని కరుస్తుంది. నొప్పి వుండదు, వాపు వుండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. రాత్రి తిన్న పులిహోర పడలేదనుకుంటారు. రెప్పలు వాలుతున్నా నిద్రమత్తనుకుంటారు. అడవిలో నేల మీద పడుకుని లేచిన మనిషి కడుపునొప్పి అని, కళ్ళు తెరవలేకపోతుంటే అది కట్లపాము కాటేనని అనుకుని బయలుదేరండి. దీనికి విరుగుడు కన్నా నివారణ చవక. దోమతెర కట్టుకుని దాని అంచులు పరుపు కిందకో, చాప కిందకో దోపితే దోమతో పాటు కట్లపామూ లోపలికి రాదు. అయిదారు వందల రూపాయల దోమతెర!

కాటు పడ్డాక ఏం చేయాలి? తాడు బిగించి కట్టకండి. బ్లేడుతో కోయకండి. నోటితో పీల్చకండి. పసరు పోయకండి. సినిమాల్లో చూసిందేదీ చేయకండి. బిగించి కట్టిన తాడు వల్ల కాలు నల్లబడి తీసివేయవలసి వచ్చిన రోగులను చూశాను. వారిలో ఒకరిని కరిచింది విషం లేని పామేనని తర్వాత తేలింది. చేయవలసింది ఇది. ఉంగరాలు, కడియాలు, మొలతాడు తీసేయండి, వాపు వస్తే అవే ఉరితాళ్ళవుతాయి. కరిచిన కాలినో చేతినో ఎముక విరిగినప్పుడు కట్టినట్లు బద్ద పెట్టి వదులుగా గుడ్డతో కట్టండి. నడవనివ్వకండి, నడిస్తే విషం త్వరగా పాకుతుంది. ఎనిమిదిమంది వున్నారు కదా, రెండు కర్రలు, ఒక దుప్పటి కలిపి డోలీ కట్టి మోయండి. వాంతి వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పామును చంపి తేవాలని వెంటపడవద్దు. మరొకరు కాటు తింటారు, సమయం పోతుంది. మనం ఇచ్చే విరుగుడు ఆ నాలుగు పాములకూ కలిపి తయారుచేసిందే.

ఆసుపత్రిలో రెండు మి.లీ. రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదలకుండా వుంచుతాము. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్లు. విరుగుడు మందు మొదట పది సీసాల దాకా సెలైనులో ఎక్కిస్తాము. చిన్నపిల్లవాడికైనా పెద్దవాడికిచ్చినంతే ఇస్తాము. తల్లిదండ్రులు కంగారుపడి "అంత ఎక్కువా డాక్టరుగారూ" అంటారు. పాము పిల్లవాడని తక్కువ విషం పెట్టదమ్మా అని చెబుతాను. ఈ మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అయితే ప్రతిచోటా ప్రతి రోజూ వుంటుందనుకోకండి. బయలుదేరే ముందు రోజు మీ దారిలోని ఆసుపత్రికి ఫోను చేసి, పాము మందు వుందా, రాత్రి డాక్టరు వుంటారా అని అడగండి. సలేశ్వరం వెళ్ళేవారికి అచ్చంపేట, మారేడుమిల్లి వెళ్ళేవారికి రంపచోడవరం. అలా అడిగితే డాక్టర్లు విసుక్కుంటారని మొహమాటపడకండి. నేనయితే సంతోషిస్తాను.

పెద్ద జంతువులకు వద్దాం. వీటిలో మనుషులను గాయపరచడంలో ఎలుగుబంటిది ప్రత్యేక పద్ధతి. దానికి చూపు మందం, చెవి కూడా అంత చురుకు కాదు. చెదపుట్ట తవ్వుతూనో, వేసవిలో ఇప్పపూవు తింటూనో వుంటుంది. మనిషి పది గజాల్లోకి వచ్చేదాకా గమనించదు. గమనించగానే బెదిరి మీద పడుతుంది, పడితే ముఖం మీదనే గోళ్ళు వేస్తుంది. కనుక ఎలుగు తిరిగే చోట మౌనంగా నడవడం ప్రమాదం. మాట్లాడుతూ, కర్ర తాటిస్తూ నడవండి. తెల్లవారుజామున, మునిమాపున పుట్టల దగ్గరకు, నీటిగుంటల దగ్గరకు ఒంటరిగా వెళ్ళకండి. మీద పడితే దానికన్నా వేగంగా పరుగెత్తలేరు. బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతులూ మెడ వెనుక బిగించుకోండి. వీపు మీద గాయాలు మానతాయి, కన్ను తిరిగి రాదు.

ముఖం చీలినవాడిని వెల్లకిలా పడుకోబెట్టి తీసుకురావడం ఇంకా జరుగుతూనే వుంది. రక్తమంతా గొంతులోకి పోయి దారిలోనే ఊపిరాడక పోతుంది. కూర్చోగలిగితే ముందుకు వంచి కూర్చోబెట్టండి, లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊడి వేలాడే చర్మాన్ని కోసి పారేయకండి. దాని చోట దాన్ని పరచి, తడిపిన శుభ్రమైన గుడ్డ వేసి, చేత్తో అదిమి పట్టుకోండి. మా శస్త్రవైద్యులకు ఆ చర్మం చాలా అవసరం.

చిరుత విషయం వేరు. నిలబడి, తల ఎత్తి, గట్టిగా అరిచే మనిషిని అది సాధారణంగా తప్పించుకుపోతుంది. కూర్చున్నవాడు, వంగినవాడు, పిల్లవాడు దానికి వేరేగా కనబడతారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకుపోయింది. ఆ తర్వాతే భక్తులకు కర్రలు ఇవ్వడం, మధ్యాహ్నం దాటాక పిల్లలను నడకదారిలో అనుమతించకపోవడం వంటి కట్టుబాట్లు వచ్చాయి. పిల్లలు ముందు పరుగులు తీస్తుంటే సరదాగా వుంటుంది, కాదనను. అడవి దారిలో మాత్రం పిల్లవాడు ఇద్దరు పెద్దల మధ్య, చేతికి చేయి అందేలా నడవాలి. బహిర్భూమికి వెళ్ళేటప్పుడు ఇద్దరు వెళ్ళాలి. ఒకరు కూర్చుంటే ఒకరు లైటు, కర్ర పట్టుకుని నిలబడాలి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు, అవతలివైపు తిరిగి నిలబడమనండి. చిరుత ఎదురైతే కళ్ళు దాని మీద నుండి తీయకుండా, వీపు చూపకుండా నెమ్మదిగా వెనక్కి అడుగులు వేయాలి. పిల్లవాడిని ఎత్తుకోవాలి.

ఏనుగుల గురించి క్లుప్తంగా చెబుతాను, వాటి ముందు మన ఉపాయాలేవీ నిలబడవు గనుక. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికని అన్నమయ్య జిల్లా గుండాలకోన దారిలో రాత్రివేళ నడిచిన భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. ఏనుగులున్న చోట రాత్రి నడవకండి. పగలు కనబడితే ఫొటో తీయకండి, వెనుదిరగండి.

అడవిపంది కోర తొడ మీద కత్తిలా పనిచేస్తుంది. తొడలోని పెద్ద ధమని తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. రక్తం చిమ్ముతుంటే శుభ్రమైన గుడ్డను గాయంలోకి కూరి రెండు అరచేతులతో, శరీరం బరువంతా వేసి అదమండి. ప్రతి నిమిషం ఎత్తి చూడకండి. అప్పటికీ ఆగకుండా ధారగా పోతుంటే గాయానికి పైన నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డతో కట్టు వేసి, దానిలో చిన్న కర్ర పెట్టి మెలితిప్పి, రక్తం ఆగేదాకా బిగించండి. కట్టిన సమయం రాసిపెట్టండి. పాముకాటుకు వద్దన్న కట్టు ఇక్కడెందుకు అంటారా? పాముకాటులో కట్టు వల్ల లాభం లేదు, కాలు పోతుంది. ధమని తెగినప్పుడు కట్టు లేకపోతే మనిషే పోతాడు. సన్నని తాడు, సెల్‌ఫోను వైరు మాత్రం ఎప్పుడూ వాడకండి.

ఏ జంతువు కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. మూటలో ఒక సబ్బు బిళ్ళ వుండాలని నేను పోరేది ఇందుకే. నక్క, తోడేలు, కోతి, ఎలుగు, చిరుత అన్నిటికీ పిచ్చికుక్క వ్యాధి మందు వేయించుకోవలసిందే. అడవి జంతువు కాటుకు గాయం చుట్టూ ఇచ్చే సీరం ఇంజెక్షను కూడా కావాలి. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, ఇలా 28వ రోజు దాకా డాక్టరు రాసిన తేదీల్లో ఒక్కటి కూడా మానకూడదు. ఆ వ్యాధి బయటపడ్డాక నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా మందు లేదు.

ఇంతవరకు చెప్పినవి అడవి చేసే గాయాలు. మనుషులు చేసేవి కొన్ని వున్నాయి, నిజానికి ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది అవి చెప్పాలనే. అడవి అంచు పొలాల్లో పందుల కోసం సన్న ఇనుప తీగ లాగి దానికి దొంగ కరెంటు కలుపుతారు. కొందరు ఏకంగా 11 కిలోవోల్టుల లైనుకే కొక్కెం తగిలిస్తారు. పందికని పెట్టిన తీగ మనిషిని గుర్తుపట్టదు. ఎన్ని పోస్టుమార్టములు చేశానో లెక్క పెట్టుకోలేదు. తెల్లవారుజామున పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళినవాడు, పక్క పొలంవాడు, ఒక్కోసారి ఆ తీగ పెట్టినవాడే. పిక్క మీద ఒక సన్నని తెల్లటి గీత, అరికాలిలో చిన్న కాలిన మచ్చ. మిగిలిన శరీరమంతా నిద్రపోతున్నట్లే వుంటుంది. భార్య బయట గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకా లేపుతారేమోనన్నట్లు చూస్తుంటుంది. మాంసం ఎంత వస్తుందని, పంట ఎంత మిగులుతుందని ఆ తీగ కట్టారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

చీకట్లో అడవి అంచు పొలాలకు అడ్డంపడి దగ్గర దారి పట్టకండి. బాట మీదే నడవండి, లైటు నేలకు జానెడు, మూరెడు ఎత్తున వేస్తూ నడవండి. తీగ ఆ ఎత్తులోనే వుంటుంది. ముందువాడు పడిపోతే పరుగెత్తి పట్టుకోకండి. అలా ఒకరి వెనుక ఒకరు, అన్న వెనుక తమ్ముడు పోయిన ఇళ్ళున్నాయి. ఎక్కడివారక్కడ ఆగి, వెనక్కి జరిగి, 1912కు ఫోను చేసి కరెంటు తీయించండి. ఇంటి కరెంటయితే ఎండుకర్రతో తీగ తప్పించవచ్చునేమో గానీ 11 కిలోవోల్టుల ముందు ఎండుకర్ర కాపాడదు, ఏ కరెంటో మీకు చీకట్లో తెలియదు. కరెంటు పోయిందని ఖాయమయ్యాక, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి రెండంగుళాల లోతు నొక్కుతూ వదులుతూ, నిమిషానికి 100 నుండి 120 సార్లు, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా చేయండి. కరెంటు దెబ్బ తిన్నవారు ఇలా బతికిన సందర్భాలు వున్నాయి. మీరు ఎనిమిదిమంది గనుక రెండేసి నిమిషాలు మార్చుకోండి.

నాటు బాంబులు ఇంకొకటి. దారంతో చుట్టిన ఉండలాంటిది పొదల దగ్గర కనబడితే పిల్లలు బంతి అనుకుంటారు. అది పంది నోట్లో పేలడానికి పెట్టింది. ముట్టుకోకండి, కాలితో తన్నకండి, అటవీశాఖవారికి చెప్పండి.

తేనెటీగల గురించి ఎవరూ అడగరు. కొండచరియలకు, జలపాతాల పైన బండలకు వేలాడే పెద్ద తేనెపట్టులు చూసే వుంటారు. చెంచులు వాటిని తీయడంలో నిపుణులు, మనం కాదు. దాని కింద పొయ్యి వెలిగించి వంట చేయడం, రాయి విసరడం, సిగరెట్టు కాల్చడం ప్రాణాంతకం. ఈగలు లేస్తే తువ్వాలు ముఖానికి కప్పుకుని తిన్నగా, వీలైనంత దూరం పరుగెత్తండి. పాముకు, ఎలుగుకు పరుగు వద్దన్నాను, ఈగలకు పరుగే మందు. నీళ్ళలో దూకకండి, పైకి వచ్చేదాకా కాచుకుని వుంటాయి. ముళ్ళను గోటితో వెంటనే గీరి తీసేయండి. ఇరవై, ముప్పయి కాట్లకు మించినా, ఒక్క కాటుకే పెదవులు వాచి ఆయాసం వచ్చినా ఆసుపత్రికి పరుగు.

నీళ్ళు. వేసవిలో మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకండి. వాగు నీళ్ళు ఎంత తేటగా వున్నా కాచనిదే తాగకండి, సలసల మరిగాక ఒక నిమిషం చాలు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. పొట్లం అయిపోతే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ చిన్న చెంచా కొలతే. ఎండలో నడిచినవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి వుంటుంది. జ్వరం బిళ్ళ పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్ళు చల్లుతూ విసరండి, స్పృహ తప్పినవాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి. ఇక సీసాలో నీళ్ళకు బదులు మరొకటి తీసుకువెళ్ళేవారికి చెప్పేదేమీ లేదు. జలపాతం గుంటల నుండి తీసిన శవాల కడుపులో ఆ వాసన నేను తరచుగా చూస్తుంటాను.

గుండె జబ్బు, రక్తపుపోటు వున్నవారు ప్రయాణానికి నెల ముందే డాక్టరుకు చూపించుకోండి. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కి ఆయాసపడకుండా మాట్లాడగలరా? లేకపోతే సలేశ్వరం లోయ దిగడం సులువే, ఎక్కడమే కష్టం. రోజూ వేసుకునే బిళ్ళలు రెండు చోట్ల పెట్టుకోండి, ఒక సంచి వాగులో పోయినా రెండోది వుండాలి. మిగిలిన మందులంటారా, పారాసిటమాల్, సెట్రిజిన్, గాయానికి పూసే అయోడిన్ మందు, సాగే పట్టీలు రెండు, కత్తెర, దూది చాలు. ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకుని పదేళ్ళు దాటితే బయలుదేరే ముందే వేయించుకోండి. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 నుండి వుంది, కానీ అడవిలో సిగ్నలు వుండదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ రోజు ఏ వేళకు తిరిగి వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా రాయండి.

చివరిగా, తిరిగి వచ్చాక వచ్చే జ్వరం. దీన్ని అడవితో ఎవరూ ముడిపెట్టరు. మన్యం దోమ కుట్టిన మలేరియా పది రోజులకో, నెలకో బయటపడవచ్చు. ఇంకొకటి స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో వుండే కంటికి కనబడని నల్లి పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన ఆరో రోజు నుండి మూడు వారాల లోపు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు. నిరుడు ఒక డిగ్రీ కుర్రవాడు తొమ్మిది రోజుల జ్వరంతో, ఆయాసంతో మా వార్డుకు వచ్చాడు. అప్పటికే రెండు చోట్ల టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారు. బట్టలు తీయించి చూస్తే గజ్జలో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పొక్కు. "ఎక్కడికైనా వెళ్ళావా బాబూ" అంటే, "మూడు వారాల క్రితం జలపాతం చూడబోయాం సార్, గడ్డిలో పడుకున్నాం" అన్నాడు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది. అతి చవక మందు. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు చేతికి చిక్కేవి కావు.

అందుకని అడవిలో గడ్డి మీద ఒట్టి ఒంటితో పడుకోకండి, మందపాటి పట్టా పరుచుకోండి. దోమల మందు కాళ్ళకు, నడుముకు కూడా రాసుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి, తొడుక్కున్న బట్టలు వేడినీళ్ళలో వేయండి. చంకలు, గజ్జలు, చెవుల వెనుక, నడుము పట్టీ కింద నల్లని పొక్కు వుందేమో అద్దంలో చూసుకోండి. నెల లోపల జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఆయన అడిగేదాకా ఆగకుండా, ఏ అడవికి ఏ తేదీన వెళ్ళారో, ఎక్కడ పడుకున్నారో మీరే మొదటి మాటగా చెప్పండి.